బంగాళాఖాతంలో ఇళ్ళ స్థలాలు

పోయిన శ్రావణ మాసంలో బంగాళాఖాతంలో కొంత భాగం నేల అయిపోయింది. భూకంపం రాలేదు, అగ్నిపర్వతం పేలలేదు, ఋషులెవరూ వచ్చి తాగెయ్యలేదు. ఆ పని ఆఫీసులో జరిగింది. ఆ ఆఫీసులో నేనూ ఉద్యోగినే కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పగలను.

మా ఆఫీసు పేరు జల కాంతి పరిక్షేపణ అంచనా కేంద్రం. గోదావరి పాయ ఒకటి సముద్రంలో కలిసే చోట, అంటే మొగ దగ్గర, మొగపాలెం అనే ఊళ్ళో ఉంది. ఆటోవాళ్ళకి ఆ పేరు నోరు తిరగక "ఎలుతురాఫీసు" అంటారు. నిజానికి వాళ్ళ పేరే సరైనది. ఎండ సముద్రంలోకి దిగుతుంది. నీళ్ళలో ఉన్న బురద రేణువుకో నాచు ముక్కకో తగిలి చెల్లాచెదురవుతుంది. అందులో కొంచెం మళ్ళీ పైకి వస్తుంది. ఆ కొంచాన్ని ఉపగ్రహం పట్టుకుంటుంది. దాన్నిబట్టి కింద నీళ్ళలో వెలుతురు ఎంత చెదురుతోందో, అంటే నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో, ఎంత బురదగా ఉన్నాయో మేం అంచనా కడతాం. కొబ్బరినీళ్ళ గ్లాసునీ పాల గ్లాసునీ దూరం నుంచి చూసి ఏది ఏదో చెప్పడం లాంటి పని. గ్లాసు కొన్ని వందల కిలోమీటర్ల కింద ఉంటుంది, అంతే తేడా.

అంచనా ఒప్పో తప్పో తెలియాలంటే ఎవరో ఒకరు బోటెక్కి వెళ్ళి, నీళ్ళలో పరికరం ముంచి చూడాలి. నేను చేరిన కొత్తలో నెలకోసారి వెళ్ళేవాళ్ళం. తర్వాత డాక్టర్ అవధానుల పురంధర్ గారు డైరెక్టరుగా వచ్చారు. ఆయనకి సముద్రం అంటే పడదు. వచ్చిన వారంలోనే ఒక సర్క్యులర్ ఇచ్చారు:

"ఉపగ్రహ అంచనాకు, సముద్రానికి మధ్య వ్యత్యాసం కనిపించిన ప్రతి సందర్భంలోనూ సిబ్బంది సముద్రం వైపు మొగ్గు చూపుతున్నట్టు గమనించడమైనది. ఈ ధోరణి కేంద్రం ప్రతిష్ఠకు భంగకరం. ఇకపై ఉపగ్రహ అంచనాయే ప్రమాణం. సముద్రాన్ని సంప్రదించదలచినవారు ముందస్తు అనుమతి పొందవలెను."

సముద్రాన్ని సంప్రదించడానికి ఎవరూ అనుమతి అడగలేదు. ఏసీ గదిలో అందరికీ బానే ఉంది.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. మేం వాడే ప్రోగ్రాం ఎక్కడో నడిసముద్రం నీళ్ళు చూసినవాళ్ళు రాసింది. అక్కడ నీళ్ళు నీలంగా, నిమ్మళంగా ఉంటాయి. అందుకని అందులో ఒక నియమం పెట్టారు: ఫలానా మోతాదుకి మించి మెరిస్తే అది నీరు కాదు, నేల, వదిలేసి ముందుకు పో. నడిసముద్రంలో ఇది తెలివైన నియమమే. కానీ మొగపాలెం నీళ్ళు మామూలు రోజుల్లోనే టీ రంగు. శ్రావణంలో గోదావరికి ఎర్రనీరు వచ్చిందంటే ఊళ్ళ మట్టంతా మోసుకొచ్చి సముద్రంలో పోస్తుంది. మా జిల్లా పుట్టిందే అలా పోసిన మట్టితో. అందులో పడ్డ వెలుతురు పడ్డట్టే చెదిరి పైకి లేస్తుంది.

ఒకరోజు పొద్దున్న కంప్యూటరు తెరిస్తే, మొగ ముందున్న సముద్రమంతా మ్యాపులో గోధుమరంగు. కింద అక్షరాల్లో రాసి ఉంది: నేల.

నేను వెళ్ళి డైరెక్టరు గారికి చెప్పాను. "సార్, ఎర్రనీటి వల్ల స్కాటరింగ్ ఎక్కువై ప్రోగ్రాం పొరపడింది. అది సముద్రమే."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అది సముద్రమని నీకెలా తెలుసు, సింధుజా?"

"కిటికీలోంచి కనపడుతోంది సార్."

"కిటికీ." ఆయన కాసేపు ఆ మాటని జాలిగా చూశారు. "కంటిచూపు కూడా ఒక సెన్సరే అమ్మా. కానీ దానికి క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఏదీ? నువ్వు డేటాని ఎమోషనల్‌గా చూస్తున్నావు. దేశంలో ఎంతమందికి ఇలాంటి అవకాశం వస్తుంది? మన కేంద్రం కొత్త భూమిని కనిపెట్టింది!"

సాయంత్రానికి పత్రికా ప్రకటన వెళ్ళిపోయింది.

ఆ ప్రకటన అందరికంటే శ్రద్ధగా చదివిన మనిషి మండల తహసీల్దారు విప్పర్తి సంజీవ్ గారు. పాపం ఆయన బాధ ఆయనది. మండలంలో పేదలకి ఇళ్ళ స్థలాలు ఇవ్వాలని పైనుంచి ఒత్తిడి. ఉన్న నేలంతా చేపల చెరువులో, రొయ్యల చెరువులో. ఇద్దామంటే గజం స్థలం లేదు. అలాంటి మనిషికి ఎవరికీ పట్టా లేని, కోర్టు కేసు లేని, రాయి రప్ప లేని వందల ఎకరాలు ఒక్కసారి కనిపిస్తే ఏమవుతుంది? మర్నాడే స్వీట్ల డబ్బాతో వచ్చారు.

"సదరు భూమికి నాలుగు హద్దులు కావాలండి," అన్నారు కూచుంటూనే.

నేను మ్యాపు చూసి చెప్పాను. "తూర్పు బంగాళాఖాతం. దక్షిణం బంగాళాఖాతం. ఉత్తరం బంగాళాఖాతం. పడమర గోదావరి."

"ఆహా, చుట్టూ నీటి వసతి!" అని రాసుకున్నారు. "మెట్టా, పల్లమా?"

నేను డైరెక్టరు గారి మొహం చూశాను. ఆయన పైకప్పు చూస్తున్నారు.

"పల్లం అనే రాసుకోండి," అన్నాను.

"అప్రోచ్ రోడ్డు?"

"అది రెండో దశ," అన్నారు డైరెక్టరు గారు గంభీరంగా.

అలా పదిహేను రోజుల్లో సముద్రానికి సర్వే నంబరు వచ్చింది. "కొత్త మొగపాలెం" అని రెవెన్యూ గ్రామం పేరు వచ్చింది. పునాదిరాయి వెయ్యడానికి ముహూర్తం కూడా వచ్చింది. నాకు నవ్వొచ్చింది, ఇంటికెళ్ళి అమ్మకి చెప్తే అమ్మకీ వచ్చింది. నూకరత్నం ఆఫీసుకి వచ్చేవరకూ మా ఇద్దరికీ నవ్వే.

నూకరత్నం మాకు బోటు తోలిన మనిషి. పరికరాలు ముంచడానికి వెళ్ళిన రోజుల్లో ఆవిడా, ఆవిడ భర్త సూరిబాబూ మమ్మల్ని మొగ దాటించేవాళ్ళు. సూరిబాబు ఇంజను చూస్తాడు, మాట్లాడడు. ఇద్దరి తరఫునా ఈవిడే మాట్లాడుతుంది. ఆవేళ గేటు దగ్గరినుంచే మొదలెట్టింది.

"ఎలుతురు పాపా! ఏటమ్మా ఈ అన్నేయం? మా బోటు అట్టుకుపోయేరు!"

"ఎవరు?"

"సేపలాఫీసరు. ఎందుకయ్యా అంటే నేల మీద బోటు తోలేనంట! ఆయనగోరి సెల్లులో సూపించేడు. మా బోటుకి ఆళ్ళే మిషను పెట్టేరు కదా, ఎక్కడున్నావో సెప్తాది, అది సుక్కలాగ కనిపిత్తంది. ఆ సుక్క మీ మేపు మీద నేల మజ్జలో ఉంది. 'నీ లైసెన్సు నీళ్ళలో తిరగడానికే ఇచ్చేం, నేల మీద తిరగడానిక్కాదు' అని గొలుసేసేడు. నేను ఇరగబడి నవ్వేను పాపా, ఏలాకోళం ఆడతన్నాడనుకుని. బోటుకి గొలుసేసేక నవ్వాగింది."

కుర్చీ ఇస్తే కూచోలేదు. గోడకి ఆనుకుని చీర చెంగు నడుముకి దోపుకుంది.

"ఇది ఎర్రనీటి కాలం. విలస సేప సముద్రంలోంచి గోదాట్లోకి ఎక్కేది ఈ నీటి మీదే. అది గోదాట్లో పులసయ్యేలోపు మొగలో మేం పట్టుకోవాల. ఎర్రనీరు తీసేత్తే విలస ఉండదు. ఏడాదంతా మేం తినేది ఈ నెల్లాళ్ళ సేపల ఏటే. బోటు ఒడ్డున ఉంటే మేం ఏం తినాల, మీ మేపా?"

నేను ఆవిణ్ణి డైరెక్టరు గారి గదిలోకి తీసుకెళ్ళాను. ఆయన ఓపిగ్గా అంతా విన్నారు.

"చూడమ్మా, నీ సమస్య నాకు అర్థమైంది. నువ్వు పరివర్తన దశలో ఉన్నావు. సముద్రం నేలగా మారినప్పుడు కొన్ని వృత్తులు స్థానభ్రంశం చెందుతాయి. స్కిల్ డెవలప్‌మెంట్ వాళ్ళతో మాట్లాడతాను. ట్రాక్టర్ డ్రైవింగ్ నేర్పిస్తారు."

"అయ్యా, మీరు ఓసారి వొచ్చి ఆ నేల మీద నిలబడండి. నిలబడగలిగితే రేపట్నించీ ట్రాకటరే తోల్తాను."

ఆయన నా వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో అన్నారు. భావం ఏమిటంటే, ఆవిణ్ణి బయటికి తీసుకెళ్ళమని.

నేను ఆ రోజే సముద్రాన్ని సంప్రదించడానికి అనుమతి కోరాను. మర్నాటికి తిరిగొచ్చింది. పైన ఎర్ర సిరాతో రాసి ఉంది: "సదరు స్థలంలో సముద్రం లేనందున సంప్రదింపు సాధ్యపడదు."

పునాదిరాయి ముహూర్తం దగ్గరపడ్డాక తహసీల్దారు గారికి ఒక ఇబ్బంది ఎదురైంది. గ్రామానికి రాయి వెయ్యాలంటే గ్రామానికి వెళ్ళాలి. జీపు ఇసుక దాకా వెళ్ళి ఆగిపోయింది.

"సార్, ఈ గ్రామానికి బోటులోనే వెళ్ళాలి," అన్నాను.

"బోటు నేల మీద నడవడం నేరం కదమ్మా," అన్నారు డైరెక్టరు గారు.

ఇద్దరూ చాలాసేపు ఆలోచించారు. చివరికి తహసీల్దారు గారికి దారి దొరికింది. స్వాధీనంలో ఉన్న బోటు ప్రభుత్వ ఆస్తి. ప్రభుత్వ ఆస్తి ప్రభుత్వ పని మీద ఎక్కడైనా నడవొచ్చు. దాన్ని నడపడం తెలిసినవాళ్ళు ఇద్దరే ఇద్దరు కాబట్టి వాళ్ళకి ఆ పూటకి డ్రైవర్లుగా ఆర్డరిచ్చారు. గొలుసు విప్పారు. నూకరత్నం బోటుని చేత్తో నిమిరి, వల కూడా ఎక్కించేసింది.

"అదెందుకు?" అన్నారు తహసీల్దారు గారు.

"డైవర్లకి స్టెప్నీ ఉండదేటండి? ఇదీ అంతే."

పాలరాతి పలక మీద అందరి పేర్లూ చెక్కించారు. అది బరువుగా ఉంది. మొగ దాటుతుంటే బోటు ఎగిరెగిరి పడింది. వల సగం దారిలోనే నూకరత్నం చేతిలోంచి జారి నీళ్ళలోకి వెళ్ళింది. నేను తప్ప ఎవరూ చూడలేదు. తహసీల్దారు గారు బోటు అంచు పట్టుకుని పొద్దుటి ఇడ్లీలు కొత్త మొగపాలేనికి సమర్పించుకుంటున్నారు.

"నేల మీదే ఉన్నారు కదండీ, వోంతులేటండీ?" అంది నూకరత్నం.

"గతుకులు," అన్నారు ఆయన, మొహం తుడుచుకుని.

నా ఫోనులో మ్యాపు చూసి ఇదే చోటు అని చెప్పాను. సూరిబాబు ఇంజను ఆపాడు. చుట్టూ ఎర్రనీరు సుళ్ళు తిరుగుతోంది. డైరెక్టరు గారు ఒకసారి నాలుగు వైపులా చూశారు. నాకు ఆశ కలిగింది. ఇక్కడికొచ్చాక ఏమంటారు?

"అద్భుతం," అన్నారు. "పూర్తిగా చదునైన నేల. ఒక్క చెట్టు కొట్టాల్సిన పని లేదు."

కొబ్బరికాయ కొట్టడానికి రాయి లేక నీళ్ళలోకి వదిలారు. అది లబ్ధిదారులందరికంటే ముందు కొత్త ఊళ్ళోకి బయల్దేరింది. తర్వాత నలుగురం పట్టి పలకని పైకెత్తాం.

"ఎక్కడెట్టాలండి?" అంది నూకరత్నం.

"నేల మీద పెట్టండి," అన్నారు తహసీల్దారు గారు.

పెట్టాం. బుడుంగుమంది. బుడగలొచ్చాయి. తర్వాత అవీ ఆగిపోయాయి.

"పునాది," అన్నారు డైరెక్టరు గారు చివరికి, గొంతు సవరించుకుని, "ఎంత లోతుకి వెళితే కట్టడం అంత గట్టిది."

తహసీల్దారు గారు రాసుకున్నారు. నేనూ చప్పట్లు కొట్టాను, ప్రొబేషన్‌లో ఉన్నాను మరి.

తిరిగొచ్చేటప్పుడు నూకరత్నం వల లాగడం మొదలెట్టింది. సూరిబాబు సాయం పట్టాడు. వలలో వెండిబిళ్ళల్లా విలసలు. బోటు అడుగున ఎగిరి పడుతుంటే తహసీల్దారు గారి వికారం ఎటుపోయిందో తెలీదు, ముందుకి వంగి చూశారు. ఎంతైనా కోనసీమ మనిషి. అంతలో ఉద్యోగం గుర్తొచ్చింది.

"ఏమమ్మా! నేల మీద చేపలు పట్టడం నేరం అని చెప్పలేదా నీకు? ఈ బోటు మళ్ళీ గొలుసెక్కాల్సిందే!"

నూకరత్నం వల వదిలేసి లేచి నిలబడింది. అంత ఊగే బోటులో ఆవిడొక్కతే నిటారుగా నిలబడగలదు.

"నేల మీద దొరికింది సేపెలాగవుద్దండి? నేల మీద వొచ్చేదాన్ని పంటంటారు. నాది యవసాయం అనుకోండి. ఇది నా నాగలి, ఇది నా కొడవలి, ఆడు నా ఎద్దు!" అని బోటునీ, వలనీ, సూరిబాబునీ వరసగా చూపించింది. సూరిబాబు కాదనలేదు.

ఆవిడ కోపంతో అంది. నేను నవ్వబోయాను. కానీ తహసీల్దారు గారు నవ్వలేదు. ఆయన మొహంలో ఏదో వెలిగింది. మెల్లిగా అన్నారు, "సాగుదారు."

"ఏటండి?"

"గ్రామమంటే సాగుదారు ఉండాలమ్మా. సాగుదారు ఒక్కరూ లేని గ్రామం పైకి పంపితే ఎందుకు లేరని అడుగుతారు. వారం రోజులుగా నిద్ర లేదు నాకు. నీ పూర్తి పేరేంటి?"

మర్నాడు నూకరత్నానికి కొత్త మొగపాలెం గ్రామ సాగుదారుగా కార్డు వచ్చింది. పంట అన్న చోట "విలస (ఖరీఫ్)" అని రాశారు. బోటు వ్యవసాయ పనిముట్టు అయింది, వల కోత పరికరం అయింది. చేపలాఫీసరు గారు అభ్యంతరం చెప్పబోయారు గానీ, వ్యవసాయ పనిముట్లు ఆయన పరిధిలోకి రావు. తన గొలుసు తను పట్టుకుపోయారు. ఎర్రనీరు ఉన్నన్నాళ్ళూ నూకరత్నం, ఆవిణ్ణి చూసి తక్కిన పాలెమంతా కార్డులు తీసుకుని, రోజూ పొలానికి వెళ్ళొచ్చారు. డైరెక్టరు గారు పంటలోంచి నమూనాలు తెప్పించుకున్నారు. వాటిని పులుసు పెట్టి పరిశీలించినట్టు తర్వాత వాళ్ళ డ్రైవరు చెప్పాడు.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. కార్తీకం వచ్చింది. గోదావరి తేరుకుంది. మట్టి అడుక్కి దిగింది, నీళ్ళలో వెలుతురు చెదరడం తగ్గింది. ఒక పొద్దున్న కంప్యూటరు తెరిస్తే మ్యాపంతా నీలం. కింద రాసి ఉంది: సముద్రం.

"సార్, గ్రామం పోయింది," అన్నాను.

డైరెక్టరు గారు కలవరపడలేదు. "ఉపగ్రహం శ్రావణంలో నేలంది. నిజం. కార్తీకంలో సముద్రమంటోంది. అదీ నిజమే. మన అంచనాలో తప్పు లేదు. అంటే ఏమైనట్టు?"

"ఏమైనట్టు సార్?"

"మధ్యలో ఎవరో దాన్ని మార్చారు."

ఎవరు మార్చారన్నది తేల్చాల్సింది రెవెన్యూవాళ్ళు. మా జిల్లాలో పొలం నీళ్ళయిందంటే వాళ్ళకి తెలిసిన కారణం ఒక్కటే. వారంలో నోటీసు వచ్చింది. మొట్టమొదటి సాగుదారు కాబట్టి మొట్టమొదటి నోటీసు నూకరత్నానికే. ఆవిడ దాన్ని పట్టుకుని ఒడ్డుకి వచ్చి, బోటు పక్కన నన్ను నిలబెట్టి చదవమంది.

"'ప్రభుత్వ అనుమతి లేకుండా తాము సాగు చేయుచున్న పల్లపు భూమిని తవ్వి చేపల చెరువుగా మార్చినట్టు ఉపగ్రహ చిత్రాల ద్వారా రుజువైనది...'"

"ఏ సెరువు?"

నేను వేలితో బంగాళాఖాతాన్ని చూపించాను.

నూకరత్నం అటు చూసింది. అలలు చూసింది. దూరంగా వెళ్తున్న ఓడని చూసింది. తన రెండు చేతులూ ఒకసారి తిప్పి చూసుకుంది. "ఇదంతా నేనే తవ్వేనంటావా?" అంది. ఆ గొంతులో కాస్త గర్వం కూడా వినపడింది నాకు.

"మిగతాది విను. 'సదరు చెరువును తక్షణమే పూడ్చి యథాస్థితికి తేవలెను. లేనిచో సాగుదారు కార్డు రద్దుచేసి, వ్యవసాయ పనిముట్టు స్వాధీనం చేసుకొనబడును.'"

వ్యవసాయ పనిముట్టు మా ఇద్దరి పక్కనే ఇసుకలో ఒరిగి ఉంది. దాని అంచు మీద ఆవిడ చెయ్యి బిగుసుకుంది. సూరిబాబు ఇంజను తుడుస్తున్నవాడు ఆగిపోయాడు. ఎప్పుడూ మాట్లాడనివాడు మాట్లాడాడు.

"మల్లీ గొలుసా?"

నూకరత్నం బోటు మీంచి చెయ్యి తీసింది. వంగి గుప్పెడు ఇసుక తీసింది. నాలుగడుగులు వేసి సముద్రంలోకి విసిరింది. చేతులు దులుపుకుంది.

"పూడ్సడం మొదలెట్టేనని రాసియ్యి పాపా."

"తక్షణమే అన్నారు."

"గడువడుగు. ఎక్కువొద్దు, ఆసాడం ఎల్లేదాకా." వలని బోటులోకి ఎత్తి పడేసింది. "అప్పటికి గోదారొచ్చి పూడ్సేత్తాది. మీ ఎలుతురు మిషనుకి మల్లీ నేల కనపడిపోద్ది. కార్తీకంలో మల్లీ నేనే తవ్వేత్తాను. ఏటేటా ఉండే పనే."

నేను అదే రాశాను, ఆఫీసు భాషలో. గడువు మంజూరైంది. బోటు ఒడ్డున గొలుసు లేకుండా ఉంది. అయితే మంజూరు పత్రం కింద ఒక చిన్న షరతు ఉంది: పూడ్చబోవు సంస్థ పేరు, పూర్వానుభవం తెలియజేయవలెను.

పేరు దగ్గర గోదావరి అని రాశాను. పూర్వానుభవం దగ్గర, మా జిల్లా మొత్తం అని రాశాను.